కుడి చేతి గడియారం

"నాలుగింటి దాకా పక్కన పెడతాను హమాసాన్, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు" అన్నాడు పైన షాపులో ఇషివాతా. మర్యాదగానే అన్నాడు, కానీ అంటూ అంటూ మూలనున్న స్టూలు వైపు ఒక చూపు విసిరాడు. ఆ స్టూలు మీద నెగిషి కాలు మీద కాలేసుకుని, తనకేమీ పట్టనట్టు గోడకున్న కేలెండరు చదువుకుంటున్నాడు, కేలెండర్లో అంతసేపు చదవడానికి ఏముంటుంది. ఇప్పుడు హమా రిత్సుకో కింది అంతస్తులో కాఫీ హోటల్లో కూర్చున్నా ఆ కేలెండరూ, దాని కింద ఊగుతున్న నెగిషి బూటూ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. పాత గడియారాలు కొనేవాళ్ళకి ఈ బజారులో ఎవరూ కాగితం మీద పెట్టని కట్టుబాటు ఒకటుంది. ముందు అడిగినవాళ్ళకి ఒక గంట. ఆ గంటలో రెండోవాడు నోరు మెదపకూడదు, గంట దాటిందా వస్తువు వాడిదే. ఇరవై ఎనిమిదేళ్ళుగా టోక్యోలో గడియారాలు కొంటూ ఆమె ఒక్కసారీ గంట అడగలేదు. చూసేది, కావాలనేది, లేదా వద్దనేది, అంతే. ఇవాళ అడిగితే ఇషివాతా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, ఒంట్లో బాగుందా అన్నట్టు చూశాడు. బాగానే ఉంది. మూడూ ఏడు అయింది. ఆ సంగతి చేతికున్నదాన్ని చూసి కాదు, ఫోను చూసి తెలుసుకుంది. పాత గడియారాలవాళ్ళ క్లబ్బులో ఎవరైనా అంతే, చేతికి కట్టుకున్నది ఎంత గొప్పదైతే టైము చూసుకోవడానికి జేబులో ఫోను అంత తడుముకుంటారు.

ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టుకుంది. మోగాలి. సువా సరస్సు పక్క ఊళ్ళో ఎనభై ఎనిమిదేళ్ళ మొమొసె బాబాయి మధ్యాహ్నం కునుకు తీస్తుంటాడు, మూడున్నరకి లేస్తాడు, లేవగానే చూపిస్తానని కోడలు మాట ఇచ్చింది. నాలుగు ఫోటోలు పంపింది రిత్సుకో, ఆ గడియారం నాలుగు కాళ్ళవీ, అంటే పట్టీ తగిలించడానికి చట్రంలోంచి సాగిన ఆ నాలుగు కొసలవీ. లేపమని అడగాల్సింది. ముసలాయన్ని నిద్ర లేపమని ఎలా అడుగుతారు, అయినా అడగాల్సింది. కాఫీ వచ్చింది, వచ్చి చల్లారుతోంది, చెంచా తళతళలాడుతోంది, చెంచా వీపు మీద పైనున్న ట్యూబులైటు విల్లులా వంగి కనిపిస్తోంది. నాన్నయితే వెంటనే చెంచాని పక్కకి పెట్టేవాడు.

నాన్న ఏ వస్తువునైనా అలాగే చూసేవాడు, గీత కోసం. ఫ్యాక్టరీలో గడియారాల చట్రాలకి మెరుగు పెట్టే వరుసకి ఆయనే మేస్త్రీ. గిరగిరా తిరిగే తగరపు పళ్ళేనికి ఉక్కు చట్రాన్ని ఆనించి పట్టుకుంటే, ఆ పట్టులో వేలు వెంట్రుకంత కదలకపోతే, ఉక్కు నీళ్ళలా చదునవుతుంది. ఒక చదును ఇంకో చదునుని కలిసే చోట అంచు లేస్తుంది, కంటికి గీతలా, వేలికి కత్తిలా. అయిందో లేదో తెలియాలంటే పైనున్న ట్యూబులైటు నీడని దానిలో చూడాలి. నీడ తిన్నగా నిలబడితే సరే, చివర్న ఇంత వణికినా మళ్ళీ పళ్ళెం మీదికే. ఇంట్లోనూ అదే వరస, నల్ల లక్క గిన్నెలో సూపు పోస్తే, తాగే ముందు గిన్నెని కిటికీ వైపు తిప్పి కిటికీ ఊచ నీడ చూసేవాడు. అమ్మ విసుక్కునేది. "ముందు తాగండి మహానుభావా, గిన్నె ఎక్కడికీ పారిపోదు, తర్వాత పరీక్షిద్దురు." రిత్సుకో బడిలో గీసిన బొమ్మల్నీ అలాగే ఒక కన్ను మూసి చూసేవాడు, చూసి ఏమీ అనేవాడు కాదు. అనకపోవడం ఆయన పద్ధతి. బాగుంటే ఏమీ అనడు, బాగోకపోయినా అనడు, ఏది ఏదో మనమే తెలుసుకోవాలి, అదే కష్టం ఆయనతో.

మూడూ పదిహేను. పైన ఉన్న గడియారాన్ని మళ్ళీ మనసులోనే తిప్పి చూసుకుంది. యాభై ఆరేళ్ళ కిందటిది, కీ ఇచ్చేది, ఉక్కుది. డయలు వెండి రంగు, అంచుల దగ్గర మాత్రం పాత కాగితంలా కాస్త పసుపు తిరిగింది, అది వయసు, తప్పు కాదు. ముళ్ళు అసలువే. వెనక మూత మీద ఫ్యాక్టరీ ముద్ర ఇంకా గరుగ్గా ఉంది, అంటే దాన్ని ఎవరూ రుద్దలేదు. ఇవన్నీ తర్వాత చూసింది, ముందు చూసింది కాళ్ళనే. ఇషివాతా ట్రేలో పెట్టి ముందుకు జరిపితే, తన చేతి గడియారం తీసి పక్కన పెట్టి, ఇంకొకరి వస్తువు ముట్టుకునే ముందు అందరూ చేసేదే కదా అది, భూతద్దం కంటికి ఆనించుకుంది. నాలుగు కాళ్ళ మీదా ట్యూబులైటు నీడ సూటిగా నిలబడింది. యాభై ఆరేళ్ళలో ఒక్కరి చేయీ పడలేదు. పదకొండేళ్ళుగా ఈ మోడలే వెతుకుతోంది తను, చాలా దొరికాయి, అన్నిటికీ ఎవరో ఒకరు ప్రేమగా మెరుగు పెట్టించారు, అన్నీ చప్పరించిన పిప్పరమెంటు బిళ్ళల్లా ఉన్నాయి. ఇది అలా లేదు. ఆ ఏడు ఈ మోడలు చట్రాలు చేసినవాళ్ళు ఇద్దరే, నాన్నా, పక్క పళ్ళెం మీద మొమొసె బాబాయీ. నాన్న చెయ్యి ఏదో బాబాయి చెప్పగలడు, ఇంకెవరూ చెప్పలేరు. నాన్నదే అయితే, అసలు నాన్న అంచు ఎలా ఉండేదో మళ్ళీ వేలితో తాకి చూడొచ్చు. తన దగ్గరున్న నాన్న గడియారం మీద లేదు కదా అది. లేకుండా చేసింది ఎవరు.

నోట్లో ఏ అంచూ నాలుకకి తగలకూడదు. పంటి తొడుగులు చేయడం నేర్చుకున్న మొదటి రోజే మాస్టరు చెప్పిన మాట అది. మాత్సుమొతోలో ల్యాబు, తెల్ల కోటు, ఇరవై రెండేళ్ళ వయసు, గిరగిరా తిరిగే గుడ్డ చక్రం, దాని మీద ఎర్ర ముద్ద రాసి బంగారు తొడుగుని ఆనిస్తే గుండ్రంగా, మెత్తగా, తడి గులకరాయిలా వస్తుంది, నాలుక దాన్ని మర్చిపోవాలి, అదే మంచి పని. పుట్టినరోజుకి నాన్నకి ఏం కొనాలో తోచలేదు. పదేళ్ళ ఉద్యోగం నిండినప్పుడు తాను చేసిన చట్రాన్నే ఏరుకుని కట్టుకున్నాడు నాన్న, ఇదే మోడలు గడియారం, అప్పటికే గీతలు పడి మాసిపోయి ఉంది. అప్పుడంతా బ్యాటరీ గడియారాల జోరు, కీ ఇచ్చేవాటిని ఎవరూ కన్నెత్తి చూసేవారు కాదు, అదొక పాత సామాను. ఆదివారం నాన్న చేపలకని సరస్సు మీదికి వెళ్ళాడు, నీళ్ళలో పడుతుందని గడియారం మేకుకి తగిలించి వెళ్ళాడు. తను దాన్ని రుమాల్లో చుట్టుకుని రైలెక్కింది. సెలవు కదా, ల్యాబులో ఎవరూ లేరు. ఎంత శ్రద్ధగా చేసిందని! నాలుగు కాళ్ళూ, చుట్టూతా వాలూ, ప్రతి చోటా వేలితో తడిమి, తగులుతోందా తగులుతోందా అని చూసుకుంటూ, తగిలిన చోటల్లా మళ్ళీ చక్రానికి ఆనించి, గంటన్నర. చివరికి ఎక్కడా తగల్లేదు. మురిసిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక కన్ను మూశాడు. తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది, అమ్మ వంటగది గుమ్మంలోంచి చూస్తోంది, చేపల కంపు, బకెట్లో చిన్న చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఎంతసేపు చూశాడో. ఒక కాలు, రెండో కాలు, తిప్పి మూడోది. ఆ తర్వాత ఏమీ అనకుండా పట్టీ బిగించుకున్నాడు, ఎప్పుడూ పెట్టుకునే ఎడమ చేతికి కాదు, కుడి చేతికి. "అదేమిటి, ఆ చేతికి పెట్టుకున్నారు?" అంది అమ్మ. "అలవాటు చేసుకుంటాను" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి పోయేదాకా, పంతొమ్మిదేళ్ళు, కుడి చేతికే. కుడి చేతివాటం మనిషి, కుడి చేతికి పెట్టుకుంటే కీ ఇవ్వడం కుదరదు, రోజూ పొద్దున్నే విప్పి, కీ ఇచ్చి, ఎడమ చేత్తో తంటాలు పడి మళ్ళీ బిగించుకునేవాడు. అన్నం తినేటప్పుడు చేతిలోని రెండు పుల్లలతో పాటు అది కూడా పైకీ కిందకీ వెళ్ళేది. తనకి అప్పుడేమీ అనిపించలేదు, నాన్న వాలకమే అంత అనుకుంది. అనిపించింది పన్నెండేళ్ళ తర్వాత, టోక్యోకి పని మారాక, ఒక షాపు అద్దంలో అదే మోడలు, దాని మీద అంచులు. నిలబడిపోయింది. వేళ్ళు వాటంతట అవే అద్దం మీదికి వెళ్ళాయి. ఇలా ఉండేదా? ఇదా నాన్న చేసింది? అప్పుడు అర్థమైంది కుడి చెయ్యి సంగతి, అలా అనుకుంది. అందరూ చూసేది ఎడమ చేతినే, పనివాళ్ళకి మొహం చూపించలేక చొక్కా చేతి కింద దాచుకోవడానికి మార్చాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిడితే ఇంకా బాగుండేది.

అక్కణ్ణుంచే ఈ పిచ్చి. కొనడం మొదలుపెట్టింది, చూడడం నేర్చుకుంది. ఏది మెరుగు పెట్టించినదో, ఏది పెట్టించనిదో ఇప్పుడు గుమ్మంలోంచే చెప్పగలదు. ముప్ఫై నాలుగు గడియారాలు ఇంట్లో, అన్నీ పదునుగా, ఒక్కదాన్నీ ఎవరూ రుద్దలేదు. నెల నెలా మూడో శనివారం క్లబ్బులో అందరూ తమ తమవి విప్పి నీలం గుడ్డ మీద పరుస్తారు, మెరుగు పెట్టించినది ఎవరైనా తెస్తే చనిపోయినవాళ్ళని చూసినట్టు చూస్తారు, నెగిషి అయితే "అయ్యో పాపం" అని పైకే అంటాడు. ఆయన కళ్ళ డాక్టరు, పనిలోంచి దిగినా చూపు దిగలేదు. తను కూడా అందరితో పాటు తలాడిస్తుంది. నాన్న గడియారం ప్రతిసారీ చేతిసంచిలో ఉంటుంది, ల్యాబులో వాడే మెత్తటి తోలు ముక్కలో చుట్టి, ఒక్కసారీ బయటికి తీయలేదు. ఇరవై ఏళ్ళుగా తీసుకెళ్ళడం, తీసుకురావడం. ఈ క్షణాన కూడా ఒళ్ళో సంచిలో ఉంది, పొద్దున్నే కీ ఇచ్చింది, చెవి పెడితే వినిపిస్తుంది.

"ఇక్కడున్నారా!" నెగిషే. వానలో వీధి చివరిదాకా వెళ్ళొచ్చినట్టున్నాడు, గొడుగు మడుస్తూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. గంటలో రెండోవాడు మాట్లాడకూడదు, ఆ మాట ఆయనకీ తెలుసు, అందుకని గడియారం ఊసెత్తకుండా కేకు గురించి మాట్లాడాడు. "ఈ హోటల్లో కేకు బాగుంటుందండీ. తింటారా? తినరు. గొంతు దిగదు ఇప్పుడు."

"మీకు దిగుతుందా?"

"నాకెందుకు దిగదు, నేను రెండోవాణ్ణి, నాకేం పోయింది. హమాసాన్, ఒక్కటే అడుగుతాను, దాని గురించి కాదు, మీ గురించి. ఎప్పుడూ ఒక్క నిమిషంలో తేల్చేసే మనిషి, ఇవాళ గంటెందుకు? దాంట్లో మీకేదో కనిపించింది, నాకు కనిపించనిది. అదే నాకు నిద్ర పట్టనివ్వదు."

"ఏమీ లేదు. ఒకాయన ఫోను కోసం."

"ఏమీ లేకపోతే నాకిచ్చేయండి మరి" అని నవ్వాడు, నవ్వి వెంటనే నాలిక్కరుచుకున్నాడు. "అనలేదు, అనలేదు. నేను పైకి పోతున్నా. నా భార్య నన్ను ఎప్పుడూ ఇంత సేపు కూర్చోబెట్టలేదు, తెలుసా." వెళ్ళిపోయాడు, మంచివాడే, గొడుగు మాత్రం మర్చిపోయాడు. మూడూ ముప్ఫై ఎనిమిది. ఫోను మోగలేదు. కునుకు పెద్దదై ఉంటుంది. ఎనభై ఎనిమిది. ఆ మాట అనుకోకూడదు. మోగకపోతే ఏం చేయాలి, కొనేయాలి, కొనేసి తర్వాత అడగొచ్చు. కానీ నాన్నది కాకపోతే? ఇంకొకరి చెయ్యిని పట్టుకుని నాన్న చెయ్యి అని బతుకంతా నమ్ముతూ కూర్చోవాలా? ఇది కూడా దాచుకునేదే అవుతుంది, సంచిలో ఒకటి, పెట్టెలో ఒకటి. మూడూ నలభై రెండు. కాఫీ మీద మీగడ తొరక కట్టింది. మోగింది.

"ఎవరూ, రిత్సూనా? చూశానే తల్లీ. మా కోడలు ఫోనులో వేళ్ళతో లాగి గోడంత చేసి చూపించింది."

"బాబాయ్, నాన్నదేనా?"

"కాదు."

ఎదురుగా గొడుగులోంచి నీళ్ళు నేల మీదికి కారుతున్నాయి, అవి చూస్తూ కూర్చుంది. పదకొండేళ్ళు. "మరి..." అంది.

"నాదే!" ముసలాయన పకపకా నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది, కోడలెవరో నీళ్ళు నీళ్ళు అంటున్నారు. "ఆ కింద ఎడమ కాలు చూడు. చివరికొచ్చేసరికి వెంట్రుకంత వెనక్కి లాగుతుంది నా చెయ్యి, చచ్చినా పోదు ఆ జబ్బు. ఎన్నిటిని నా మొహాన కొట్టాడో మీ నాన్న! ఇదెలా తప్పించుకుందో, ఆ రోజు ఆయనకి కళ్ళు మసకలయ్యుంటాయి. అయినా మీ నాన్న చెయ్యి కావాలంటే ఊరంతా గాలించడమేంటే, ఇంట్లో ఉన్నది ఏమైంది?"

చెప్పేసింది. ఎవరికీ చెప్పనిది, అమ్మకి కూడా చెప్పనిది, కాఫీ హోటల్లో, పక్క బల్ల వాళ్ళు వింటుండగా. "దానికి అంచుల్లేవు బాబాయ్. నేనే అరగదీసేశాను. చిన్నప్పుడు. తెలీక."

"తెలుసు."

"తెలుసా?"

"తెలియకేం, మర్నాడు పొద్దున్నే వరుసలో పదకొండు మందికీ చూపించాడు. చొక్కా చెయ్యి మడిచి మరీ. మా అమ్మాయి చేసిందిరా, పళ్ళ పని నేర్చుకుంటోంది, ఏదీ, వేలు పెట్టి చూడండి, ఎక్కడైనా తగులుతోందా అని. మాకందరికీ గుండె ఆగినంత పనైంది, ఒక్కడూ నోరెత్తలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇలా ఇవ్వు మేస్త్రీ, తిండి గంటలో పళ్ళెం మీద పెట్టి అంచులు లేపి ఇస్తాను, అరగంట పని అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తనిఖీ అయిపోయింది, పాసయింది, ముట్టుకోకు అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు అదే పళ్ళెం ముందు కూర్చున్నాడు, ఏ రోజు కావాలన్నా తనే చేసుకోవచ్చు. చేసుకున్నాడా?"

ఆ మాట తనకెందుకు తట్టలేదు? ఆరేళ్ళు. రోజూ ఆ పళ్ళెం ఆయన ముందే తిరిగింది.

"అందుకే గదా కుడి చేతికి పెట్టుకుంది" అన్నాడు ముసలాయన, ఇది కూడా తెలీదా అన్నట్టు. "మా బల్ల మీద ఎడమ పక్క ట్రే మళ్ళీ చేయాల్సినవాటికి, కుడి పక్క ట్రే పాసైనవాటికి. ముప్ఫై రెండేళ్ళు ఆ కుడి ట్రేలోకి ఊరికే ఏదీ పోనివ్వలేదు ఆ మనిషి. నీకు చెప్పలేదా?"

"లేదు."

"ఆఁ, ఆయన చెప్పే రకమా" అన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాడో రిత్సుకోకి సరిగ్గా వినపడలేదు, వాతావరణం గురించో మోకాళ్ళ గురించో. తను ఏడుస్తోంది. అరవై రెండేళ్ళ మనిషి, కాగితం రుమాళ్ళు ఒకటి తర్వాత ఒకటి లాగుతూ, పక్క బల్ల అమ్మాయి తన డబ్బా కూడా ఇటు జరిపింది. కిటికీ దగ్గర నాన్న ఒక కన్ను మూసి నిలబడి ఉన్నాడు, ఒక కాలు, రెండో కాలు, తిప్పి మూడోది, బకెట్లో చేపలు కొట్టుకుంటున్నాయి, ఆయన చూసేది గీత కోసం కాదు. కూతురు ఎన్ని చోట్ల వేలు పెట్టి తడుముకుందో చూస్తున్నాడు. ఒక్క చోటైనా వదిలిందా అని చూస్తున్నాడు. వదల్లేదు.

మూడూ యాభై మూడుకి గొడుగు పట్టుకుని మెట్లెక్కింది. నెగిషి స్టూలు మీదే ఉన్నాడు, ఈసారి కేలెండరు చదవడం కూడా మానేశాడు. ఇషివాతా ట్రే తెచ్చి పెట్టాడు. రిత్సుకో అలవాటు కొద్దీ ఎడమ చేతి గడియారం విప్పి పక్కన పెట్టింది, సంచి తెరిచింది, తోలు ముక్క విప్పింది, నాన్న గడియారాన్నీ ట్రేలో దాన్నీ పక్కపక్కనే పెట్టింది. నెగిషి లేచి వచ్చాడు, ఆపుకోలేకపోయాడు, భూతద్దం కూడా అక్కర్లేకపోయింది ఆయనకి.

"అయ్యయ్యో. అయ్యో పాపం. ఎవడండీ, ఏ పుణ్యాత్ముడు చేశాడు ఈ పని?"

"నేనే."

ఆయన మొహం చూడాల్సిందే. ఇషివాతా వైపు చూసి, ఇషివాతా కళ్ళద్దాలు తుడుచుకోవడంలో పడితే మళ్ళీ ఈమె వైపు చూశాడు. "క్షమించాలి, నేను..."

"ఫరవాలేదు. వేలు పెట్టి చూడండి" అంది రిత్సుకో. "పెట్టండి నెగిషిసాన్. ఎక్కడైనా తగులుతోందా?"

కళ్ళ డాక్టరు చూపుడు వేలుతో, ఎంతో జాగ్రత్తగా, నాలుగు కాళ్ళూ తడిమాడు, చుట్టూతా వాలు తడిమాడు. "లేదు" అన్నాడు చివరికి, ఆశ్చర్యంగా. "ఎక్కడా లేదు."

"రెండోది మీది. తీసుకోండి. కింద ఎడమ కాలు చివర్న వెంట్రుకంత వెనక్కి లాగుతుంది, చేసినాయనే చెప్పాడు, దానికి బెంగపడకండి, మంచి చెయ్యే." అని నాన్న గడియారం అందుకుని, అలవాటు లేని ఎడమ చేత్తో పట్టీ ఎక్కించుకోవడానికి తంటాలు పడింది. కొక్కెం రెండుసార్లు జారింది. నెగిషి చూడలేక చెయ్యి సాయం వచ్చాడు, వచ్చి ఆగాడు.

"హమాసాన్, ఇది కుడి చెయ్యండీ."

"అవును" అంది రిత్సుకో, మణికట్టు ఆయన వైపు చాపి. "పాసైనవి ఈ పక్కకే. బిగించండి."